నేను నల్లా అన్నాను

మా ఊరి నీళ్ళ ట్యాంకు నల్లగా ఉంటుంది. ఇనుప కాళ్ళ మీద, పక్కన సోలారు పలకలతో, కిష్టారం దారిలో వచ్చేవాళ్ళకు ఇళ్ళకన్నా ముందు అదే కనిపిస్తుంది. దాని కింద సిమెంటు గచ్చు, గచ్చు అంచున కుళాయి. ఆ కుళాయిని మేము నల్లా అంటాం. నేను తెలంగాణ వైపు నుంచి సరిహద్దు దాటి ఇక్కడికి కాపురానికి వచ్చినదాన్ని. ఆ మాట నాకు పుట్టింటి నుంచే ఉంది. మా వాడలో తెలుగు మాట్లాడే ఇళ్ళన్నీ కూడా అదే అంటాయి. ట్యాంకు నిలబెట్టిన కొత్తలో మా మరిది, "నల్ల ట్యాంకు కడుపున నల్లా పుట్టింది, తల్లి పోలికే" అని నీళ్ళకు వచ్చిన ఆడవాళ్ళను నవ్వించేవాడు.

మరిది అంటే నా భర్త తమ్ముడు. నేను ఆ ఇంట్లో అడుగుపెట్టేసరికి ఇంకా నిక్కర్లు వేసుకునే వయసు. చెప్పులు లేకుండా వాకిట్లోకి కూడా దిగేవాడు కాదు కాబట్టి నేను అతన్ని "దొరా" అని ఎగతాళి చేసేదాన్ని. అతను నన్ను "లెక్కల వదినె" అనేవాడు. వదినా మరుదుల మధ్య ఎగతాళి మా ఇళ్ళల్లో తప్పు కాదు. అది లేని రోజు, ఏమైంది, పోట్లాడుకున్నారా అని అడుగుతారు.

లెక్కల వదినె అనడానికి కారణం ఉంది. నేను బడికి పోయింది తక్కువ. అక్షరాలు బడిలో వచ్చాయి, లెక్క తునికాకు కల్లంలో వచ్చింది. ఎండలో ఆకు కట్టలు వరసలు వరసలుగా పరిచి ఉంటాయి. ఒక్కో కట్టా ఎంచుకుంటూ పోయేవాళ్ళను మధ్యలో ఎవరైనా పలకరిస్తే మళ్ళీ మొదటికి రావాలి. నేను వరస నిండుగా ఉన్నట్టే లెక్కగట్టి, అందులోంచి ఖాళీలను తీసేసేదాన్ని. ఖాళీలు తక్కువ ఉంటాయి, కళ్ళకు ఇట్టే ఆనుతాయి. ఇప్పటికీ ఏ విషయమైనా నాకు అలాగే తడుతుంది. మొత్తం ఎంత ఉండాలి, అందులో ఏది లేదు.

కొన్నేళ్ళుగా నేను అంగన్‌వాడీలో సహాయికను. పిల్లలకు వండేది నేనే. పొద్దున్నే వాళ్ళు తాగే కుండ నింపేదీ నేనే. ఆ కుండలో ఏ నీళ్ళు పోయాలన్నదే నేనిక్కడ చెప్పబోయేదంతా.

మాకు మూడు నీళ్ళున్నాయి. ఒకటి బోరింగు. చేత్తో కొడితే వస్తుంది. నీళ్ళు కాస్త ఎర్రగా, ఇనుము వాసనతో ఉంటాయి. రెండోది చెలమ. వాగు ఒడ్డున ఇసుకలో గుంట తవ్వితే అడుగున తేటగా ఊరే నీరు. సొరకాయ బుర్రతో మెల్లగా తోడుకోవాలి, తొందరపడితే ఇసుక లేస్తుంది. మూడోది నల్లా. దాన్ని తిప్పడానికి బలం అక్కర్లేదు, కాచుకుని కూర్చోనూ అక్కర్లేదు. అందుకే అది వచ్చాక చెలమ దారిలో గడ్డి మొలిచింది. ముసలివాళ్ళు మాత్రం నల్లా నీళ్ళు నోటికి బాగాలేవని వాగుకే పోయేవాళ్ళు.

మరిది జగదల్‌పూర్‌లో చదువుకుని, నీళ్ళ పనులు చేసే ఒక సంస్థలో చేరాడు. మా ట్యాంకు కట్టించిందీ ఆ సంస్థే. అతని భార్య, నాలుగేళ్ళ కూతురు ఊళ్ళోనే ఉంటారు. మా రెండిళ్ళకూ ఒకటే వాకిలి. అతను వారానికోసారి మోటారు సైకిల్ మీద వచ్చి పోతుంటాడు. అలా ఒకసారి వచ్చినప్పుడు సంచిలోంచి అరచేతిలో పట్టే డబ్బా ఒకటి తీశాడు.

"వదినె, నీకో బొమ్మ తెచ్చిన."

"నా వయసుకు బొమ్మలేంది దొరా? నీ బిడ్డకియ్యి."

"ఇది నీళ్ళను లెక్కగట్టే బొమ్మ. నీకు తప్ప ఎవరికీ పనికిరాదు."

డబ్బాతో పాటు చిన్న చిన్న పట్టీలు ఉన్నాయి, చక్కెర జబ్బు చూసే పట్టీల్లాంటివి. ఒక్కో పట్టీ మీద పక్కపక్కన రెండు నల్లటి గీతలు.

"మసి పూసిన్రా?"

"మసి కాదు వదినె, బొగ్గు గొట్టాలు. కంటికి ఆనవు."

"బొగ్గుకు గొట్టమెట్ల?"

"తునికాకుతోటి బీడీ ఎట్ల చుడతరు? బొగ్గును రేకు లెక్క పలచగ జేసి గట్ల చుట్టినట్టనుకో. ఎంత సన్నమంటే, నీ వెంట్రుక ఒకటి పీకు చెప్త."

"నీదే పీకు. నీకు ఎట్లాగూ ఊడుతున్నయి."

అతను నవ్వి, నిజంగానే తన తల మీది వెంట్రుక ఒకటి తీసి నా అరచేతిలో పెట్టాడు. దాని వెడల్పులో ఆ గొట్టాలను పక్కపక్కన పేరిస్తే యాభై వేల పైన పడతాయన్నాడు. నా మనసు వెంటనే కల్లం దగ్గరికి పోయింది. కట్టకు యాభై ఆకులు. వెయ్యి కట్టలు పరిచిన కల్లం నా కళ్ళకు తెలుసు, ఆ చివర నుంచి ఈ చివరకు పిలిస్తే సరిగ్గా వినబడదు. ఆ ఆకులన్నీ బీడీలై ఈ వెంట్రుక అడ్డంలో పడుకున్నాయి అనుకున్నాను. చెయ్యి కదిలిస్తే ఎగిరిపోతుందేమోనని కాసేపు అలాగే పట్టుకుని కూర్చున్నాను.

ఆ గొట్టాల గుండా కొద్దిగా కరెంటు పోతుంటుంది. ఒక గీత మీది గొట్టాలకు, కొక్కేల్లాగా, ఒకే ఒక్క రకం క్రిమిని పట్టుకునే పదార్థం అంటించి ఉంటుంది. మనిషి పేగుల్లో, పశువు పేగుల్లో ఉండే క్రిమి అది. పెద్ద దవాఖానల్లో దాన్ని 'ఈ-కోలై' అంటారు. అందులో కొన్ని రకాలు పిల్లల ప్రాణం మీదికి తెస్తాయి. అది నీళ్ళల్లో ఉందంటే, మలం ఎక్కడో నీళ్ళల్లో కలుస్తున్నట్టు. చుక్క నీరు వేస్తే క్రిమి వచ్చి కొక్కేనికి తగులుకుంటుంది, గొట్టంలో కరెంటు నడక మారుతుంది, ఆ మార్పు డబ్బా మీద అంకెగా వస్తుంది. పట్నంలో అయితే నీళ్ళను పెట్టెలో వెచ్చగా పెట్టి క్రిములు పెరిగేదాకా మర్నాటి వరకు ఆగాలట. ఇక్కడ అన్నం ఉడికేలోపు తెలిసిపోతుంది.

"మరి రెండో గీత దేనికి?" అన్నాను.

"దానికి కొక్కేలు లేవు. మన దగ్గర ఇనుము నీళ్ళు గదా వదినె. ఇనుము రెండు గీతలనూ కదిలిస్తది. పురుగు కొక్కేలున్న గీతనే కదిలిస్తది. అందుకని—"

"అందుకని ఒకదాంట్ల ఒకటి తీసెయ్యాలె."

"గందుకే నీకు తెచ్చిన."

ఆ డబ్బా మీద నాకు ఇష్టం కలిగింది అప్పుడే. ఎవరో ఎక్కడో కూర్చుని నాలాగే ఆలోచించి చేశారనిపించింది. మరిది వచ్చినప్పుడల్లా నేర్పించాడు. పట్టీని మధ్యలో ముట్టుకోకూడదు, చెమట చుక్క పడకూడదు, అంకె కదలడం ఆగేదాకా చూడాలి. తేడా ముప్పై దాటితే ఆ నీళ్ళు మంచివి కావు. నా చెయ్యి వణకదని అతను వాకిట్లో అందరికీ చెప్పుకునేవాడు.

ఎండాకాలం చివర్లో రాయ్‌పూర్ నుంచి వాళ్ళ మేడం వచ్చింది. ఆ డబ్బాను ముందుగా మా ఊళ్ళోనే జనం ఎదుట చూపిస్తారని మరిది చెప్పాడు. మేడం మంచి మనిషిలాగే ఉంది. చాప మీద కూర్చుంది, నేనిచ్చిన జావ గ్లాసు అడుగుదాకా తాగింది. ఆమెకు హిందీ తప్ప రాదు. నాకు వచ్చిన హిందీ సంతలో వచ్చింది. చింత చెట్టు నీడలో నేను పట్టీలతో కూర్చున్నాను. ఆమె కాస్త అవతల ఫోనులో రాసుకుంటూ ఉంది. మరిది సీసాలు అందిస్తున్నాడు, వచ్చిన జనానికి సర్దిచెబుతున్నాడు. నేను తేడా తీసి గట్టిగా చదవాలి.

"బోరింగ్, బీస్!" అన్నాను. ఇరవై.

"చెలమ, బారా!" పన్నెండు.

మూడో పట్టీ దగ్గర అంకె ఆగడానికి చాలాసేపు పట్టింది. మళ్ళీ చూశాను. రెండు గీతల అంకెలనూ మళ్ళీ విడిగా చదువుకుని తీసివేశాను.

"నల్లా, నబ్బే!"

తొంభై. తెలుగువాళ్ళలో ఒక గుసగుస లేచింది. మేడం తల ఊపి రాసుకుంది.

తర్వాత ఆమె లేచి నిలబడి అందరినీ దగ్గరికి రమ్మంది. "నాలే కా పానీ బిల్కుల్ మత్ పీజియే" అంది.

ముందు వరసలో ఉన్న ఒక ముసలమ్మ వెంటనే పక్కామె తొడ మీద చరిచింది. "జెప్పిన గదనే, నల్లా నీళ్ళు మంచిగ లెవ్వని. ఇప్పుడు మిషిన్ గూడ జెప్పింది."

వెనక నుంచి హిందీ వచ్చిన ఒకతను అందుకున్నాడు. "నల్లా కాదు అవ్వా. నాలా. వాగు. వాగు నీళ్ళు తాగొద్దంటున్నది."

"వాగేంది? నల్లా అన్నది, నా చెవులతోటి ఇన్న."

"నీ చెవులు తెలుగువి, ఆమె నోరు హిందీది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మేడం కూడా ఏమిటో తెలియకుండానే నవ్వి, చెయ్యెత్తి వాగు వైపు చూపించి వద్దన్నట్టు ఊపింది. అదే చెయ్యి ట్యాంకు వైపు తిప్పి, "నల్ కా పానీ సబ్‌సే సాఫ్" అంది. కుళాయి నీళ్ళే అన్నిటికన్నా శుభ్రం అని. నా నవ్వు అక్కడ ఆగింది.

ఎలా జరిగిందో నాకు అక్కడే అర్థమైంది. బోరింగ్ అనే మాట ఆమెకు తెలుసు. నేను నల్లా అంటే ఆమె నాలా అని విన్నది, హిందీలో నాలా అంటే వాగు. మూడింటిలో రెండు తేలాక మిగిలింది చెలమ. ఆ మాట ఆమె ఎన్నడూ వినలేదు. మిగిలింది కాబట్టి అదే కుళాయి అనుకుంది. ఆమె చేసిందీ తీసివేతే. నేనైనా అదే చేసేదాన్ని.

మరిదిని పక్కకు పిలిచాను. "ఆమె తలకిందులుగ రాసుకున్నది. తొంభై వచ్చింది వాగు నీళ్ళకు కాదు, నల్లాకు."

అతను మొదట నవ్వాడు, తర్వాత నుదుటి మీద చెయ్యి పెట్టుకున్నాడు. "అయ్యో. నేను జనాన్ని ఊకుంచుడుల పడి ఇనలే. ఇప్పుడు అందరి ముందర చెప్తే ఆమె చిన్నబోతది వదినె. దారిల చెప్త."

"మరిచిపోతవు."

"నీ మీద ఒట్టు, చెప్త. నువ్వు అందాక ఎవ్వరితోటి అనకు. నాలుగు నోళ్ళల్ల పడితే నలభై మాటలైతయి."

ఆడమనిషి, అంత దూరం నుంచి వచ్చింది, పదిమందిలో తప్పు పట్టడం నాకూ ఇష్టంలేదు. సరేనన్నాను. మర్నాటి నుంచి కుండకు నీళ్ళు చెలమ నుంచి మోశాను. ఎందుకని ఎవరూ అడగలేదు.

మళ్ళీ వచ్చినప్పుడు అతను బండి దిగీ దిగకముందే అడిగాను. "చెప్పినవా?"

"చెప్పిన."

"ఏమన్నది?"

"మళ్ళ నీళ్ళు తీస్కపోయి జగదల్‌పూర్‌ల చూసినం వదినె. పైపు కాడ చిన్న లీకుండె, బాగు చేయించినం. ఇప్పుడు నల్లా నీళ్ళు మంచిగున్నయి."

"తేడా ఎంతొచ్చింది?"

"నాలుగు."

అడిగిన వెంటనే చెప్పాడు, తడుముకోలేదు. మంచిగున్నాయి అని ఊరుకుని ఉంటే నేను ఇంకా అడిగేదాన్ని. పైపు ఎక్కడ తవ్వారు, ఎవరు తవ్వారు, నేను చూడలేదేం అని. అంకె చెబితే నేను ఆగిపోతానని అతనికి తెలుసు. ఇంట్లో ఇంకెవరికీ తెలియదు ఆ సంగతి. పట్టీలు ఉంటే నేనూ ఒకసారి చూస్తానన్నాను. అయిపోయాయి, వస్తాయి అన్నాడు.

కొద్ది రోజుల్లో వాగు ఒడ్డున నీళ్ళు తాగరాదని హిందీలో బోర్డు వెలిసింది. నల్లా మెడకు ఆకుపచ్చ రంగు పూశారు. వాగు నీళ్ళు అంత చెడ్డవి కావని నాకు తెలుసు, కానీ వాగులో బోర్డు పెట్టడం ఎవరికీ చేటు కాదులే అనుకున్నాను. నల్లా మంచిదైతే చాలు. ముసలివాళ్ళు మాత్రం కదల్లేదు. చెలమ తవ్వుకుంటూనే ఉన్నారు. మరిది, "నువ్వు చెప్పు వదినె, నీ మాటైతే ఇంటరు" అన్నాడు. నేను ఇల్లిల్లూ తిరిగాను.

మా పక్కింట్లో దొర్ల తెగకు చెందిన ఒకామె ఉంటుంది. ఆమె కొడుకు అంగన్‌వాడీకి వస్తాడు. ఆమె చేట దింపి నన్ను అడిగింది.

"నువ్వు చూసినవా అక్కా?"

"మా మరిది చూసిండు."

"మీ మరిది సంగతి నాకెందుకు? నువ్వు చూస్తే నా పిలగానికి తాగిస్త."

"నేను చూసినట్టే" అన్నాను.

ఆ రోజు నుంచి కుండలో నల్లా నీళ్ళే పోశాను.

వానలు మొదలయ్యాయి. ట్యాంకుకు నీళ్ళు తెచ్చే పైపు పశువులు నిలబడే పల్లంలోంచి వస్తుంది. ఆ పల్లం నిండింది. అంగన్‌వాడీలో ఒక పిల్లకు విరేచనాలు పట్టుకున్నాయి. తర్వాత ఇంకొకరికి. తర్వాత గదిలో ఖాళీలు కనబడసాగాయి. ఒకరు మామిడి పండ్లన్నారు, ఒకరు ఈగలన్నారు, కొత్త వాన పడితే ఏటా ఉండేదే కదా అన్నారు. నేనూ ఏటా ఉండేదే అనుకోవడానికి ప్రయత్నించాను. కానీ గదిలో ఎవరు లేరని చూస్తుంటే ఒకటి పట్టి లాగింది. చెలమ మానని ముసలివాళ్ళ ఇళ్ళల్లో ఎవరికీ ఏమీ కాలేదు.

పక్కింటి పిల్లవాడికి మాత్రం మామూలుగా రాలేదు. పొద్దున మొదలై మధ్యాహ్నానికి కళ్ళు లోపలికి పోయాయి. మోటారు సైకిల్ మీద తండ్రికీ తల్లికీ మధ్య కూర్చోబెట్టుకుని, తల వేలాడకుండా చీరతో కట్టి, బురద దారిన కుంట ఊరి దవాఖానకు తీసుకుపోయారు. నేను ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళ సీసా చేతికిచ్చాను. ఆ నీళ్ళు కూడా కుండలోవే.

ఆ మర్నాడు అన్నాలప్పుడు వచ్చిన కొద్దిమందికీ గ్లాసుల్లో నీళ్ళు పోశాను. మరిది కూతురు తన గ్లాసును మోచేత్తో పక్కకు జరిపింది. చదువుకునే సంచిలోంచి ప్లాస్టిక్ బాటిల్ తీసింది.

"తాగు బిడ్డా, గొంతు పడతది."

"నాకు బాటిలున్నది పెద్దమ్మా."

"అందులో ఏమున్నయి, షర్బతా?"

"చెలమ నీళ్ళు. అమ్మ కాగబెట్టింది."

"మరి ఇవెందుకొద్దు?"

"ఇవి నల్లావి గదా. బాపు వద్దన్నడు. కడుపుల పురుగులు పడతయంట."

చెప్పి అన్నంలో పప్పు కలుపుకోవడం మొదలుపెట్టింది. ఆ పిల్ల ఆ బాటిల్ తేవడం నేను అంతకుముందూ చూశాను. ముచ్చటపడి తెస్తోందనుకున్నాను. మిగతా పిల్లల ముందున్న గ్లాసులు ఒక్కొక్కటీ ఎత్తి బయట పారబోశాను. తర్వాత కుండను బోర్లించాను. పిల్లలు అది ఆటనుకుని చప్పట్లు కొట్టారు.

ఇంటికి పోయి నా తోటికోడలిని అడిగాను. ఆమె కట్టెలు విరుస్తూ, తల ఎత్తకుండానే చెప్పింది.

"అవునక్కా. ఎండాకాలం నుంచే మాకు చెలమవే. నీకు గూడ చెప్పిండనుకున్న." తర్వాత నా మొహం చూసి కట్టె కింద పెట్టింది. "చెప్పలేదా?"

ఆమె మీద నాకు కోపం రాలేదు. ఆమె నిజంగానే అలా అనుకుంది. ఒకే వాకిలి. నాకు చెప్పకుండా తనకు చెబుతాడని ఆమెకు ఎలా తోస్తుంది?

మరిది వచ్చిన రోజు వాన తెరిపిచ్చింది. బండికి పట్టిన బురద కడుగుదామని తిన్నగా నల్లా దగ్గరికే పోయాడు. చెప్పులు మాత్రం గచ్చు మీద పొడిగా విప్పి పెట్టుకున్నాడు. నేను వెనకనే వెళ్ళాను.

"బండికి నల్లా నీళ్ళు పోస్తున్నవు దొరా. బండి కడుపుల పురుగులు పడయా?"

అతను మగ్గు గచ్చు మీద పెట్టాడు. "పోరి చెప్పిందా?"

"నీ బిడ్డకు అబద్ధమాడుడు రాదు. నీ పోలిక రాలే."

"వదినె, ఇను..."

"తేడా నాలుగన్నవు. ఏడ చూసినవు నాలుగు?"

"ఏడా చూడలే. ఏదో ఒక అంకె చెప్పకుంటే నువ్వు ఇడువవు."

"మేడంకు చెప్పనే లేదన్నట్టు."

"చెప్పిన!" అన్నాడు గట్టిగా. అది ఒక్కటే అతను తలెత్తి అన్న మాట. "ఆ సాయంత్రమే చెప్పిన. నీకిచ్చిన మాట తప్పలే. ఆమె అన్నది, ట్యాంకుకు పైసలు పెట్టినోళ్ళే ఈ డబ్బాకు గూడ పెట్టిన్రు. మొదటి ఊర్లనే వాళ్ళ ట్యాంకు నీళ్ళే చెడ్డవని చూపిస్తే డబ్బా మూలకు పోతది. వానలైనంక పైపు మార్పిస్త, అందాక ఉండనీ అన్నది."

"ఉండనీ అంటే? పిల్లలు తాగనీ అనేనా?"

అతను చక్రం ఊచల మధ్య బురదను వేలితో గీకాడు. "నీళ్ళల్ల ఇనుము గూడ ఎక్కువ గదా. ఆ తొంభై అంతా పురుగే అని ఎట్ల..."

"ఇనుము రెండు గీతలనూ కదిలిస్తదని నాకు చెప్పిందెవరు?"

నీళ్ళు కారుతూనే ఉన్నాయి. నేనే నల్లా కట్టేశాను.

"రేపు ఎవరన్న వచ్చి అడిగితే ఏం చెప్తరు?"

"ఎవరడుగుతరు?" అన్నాడు. నేను అక్కడే నిలబడి ఉండడం చూసి, నన్ను ఊరడిస్తున్నట్టే అన్నాడు. "అడిగితే, సహాయిక నాలా అన్నది, గట్లనే రాసుకున్నం అంటరు. భాష తేడా. నీకేం కాదు వదినె. చిన్న మాట పొరపాటు, అంతే."

మేడం తప్పు విన్నది నిజం. కానీ ఆ తప్పుకు ఒక్క మధ్యాహ్నమే ఆయుష్షు ఉంది. సాయంత్రానికి ఇద్దరికీ నిజం తెలుసు. ఆ తర్వాత దాన్ని బతికించి ఉంచింది అక్కరకొస్తుందనే. ఏమైనా అయితే నిలబెట్టడానికి నా నోటి మాటను, పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఆ ఒక్క మాటను, దాచి పెట్టుకున్నారు. అది దాచింది కూడా ఆ మాటకు జోకులు కట్టి నన్ను నవ్వించినవాడే. నల్లా అంటే ఏమిటో తెలియదని మేడం అనవచ్చు. అతను అనలేడు.

"డబ్బా ఇయ్యి. ఒక్క పట్టీ చాలు. అందరి ముందర చూపిస్త."

"రాయ్‌పూర్ పోయింది. పట్టీలు గూడ."

"అయితే నువ్వొచ్చి చెప్పు."

అతను బండి స్టాండు తీశాడు. సగం బురదతోనే తోసుకుంటూ పోయాడు.

మర్నాడు పొద్దున ఆడవాళ్ళు నీళ్ళకు వచ్చే వేళకు నేను గచ్చు మీద నిలబడ్డాను. ఏ మాటతో చెప్పాలో నాకు తోచలేదు. నల్లా అంటే ఒకరికి ఒకటి, ఇంకొకరికి ఇంకొకటి. ఆకుపచ్చ రంగు పూసిన కుళాయి మెడ మీద చెయ్యి పెట్టి, "ఇది" అన్నాను. "ఈ నీళ్ళు. తాగొద్దు. గిన్నెలు కడుక్కోండ్రి. తాగేటివి ఏ నీళ్ళైనా మసలబెట్టండ్రి."

"మొన్న మంచివంటివి" అంది ఒకామె.

"నాకు అబద్ధం చెప్పిన్రు."

"ఎవరు?"

"మా మరిది."

ఇంటి మనిషి పేరు గచ్చు మీద నిలబడి అనడం మా దగ్గర చిన్న విషయం కాదు. నా తోటికోడలు కూడా అక్కడే ఉంది. బిందె చంకలో పెట్టుకుని నేల చూస్తోంది. ముసలమ్మ ఒక్కతే, "నా చెవులు తెలుగువైతే ఏమాయె" అంది. ఎవరూ నవ్వలేదు.

పక్కింటామె కుంట దవాఖాన నుంచి తిరిగి వచ్చింది అంతకు ముందు రోజే. పిల్లవాడు బతికాడు. ఆమె చంకలో ఉన్నాడు, చేతికి సూది గుచ్చిన చోట పట్టీ అంటించి ఉంది. ఆమె అందరూ కదిలేదాకా ఆగింది.

"నువ్వు చూసినట్టే అన్నవు అక్కా" అంది.

ఆమె కోపంగా అనలేదు. ఖాళీ బిందె తీసుకుని, నా నోట మంచి అంకె విన్న బోరింగు దగ్గర కూడా ఆగకుండా, వాగు వైపు నడిచింది. వాగు నిండుగా పారుతోంది, చెలమలు ఆ వారం వానకే మునిగిపోయాయి. అది ఆమెకూ తెలుసు. కాసేపటికి ఎర్రటి బురదనీళ్ళు నింపుకుని, వడగట్టి కాగబెట్టుకోవడానికి తిరిగి వచ్చింది. దారిలో నా పక్కనుంచే పోయింది. ఆమె పిల్లవాణ్ణి మళ్ళీ అంగన్‌వాడీకి పంపడానికి చాలా రోజులు పట్టింది. పంపినా, తాగడానికి తన ఇంటి నీళ్ళే కట్టి పంపుతోంది.

కిష్టారంలో కనబడిన అధికారికి నేను హిందీలో చెప్పాను. నల్లా అనలేదు. నల్ అన్నాను, టోంటీ అన్నాను, చేత్తో తిప్పి చూపించాను. ఆయన సరే సరే అన్నాడు. వానలు వెనకబట్టాక మనుషులు వచ్చి పల్లంలోంచి పాత పైపు తీసేసి, మెరక మీదుగా కొత్తది వేశారు. అది నేను నా కళ్ళతో చూశాను. ఆ పని నా మాట వల్ల జరిగిందో, మేడం ముందే అనుకున్న ప్రకారం జరిగిందో నాకు తెలియదు.

ఇప్పుడు నా రోజు ముందుకన్నా తొందరగా మొదలవుతుంది. పిల్లలు రాకముందే అంగన్‌వాడీలో పెద్ద గిన్నె నిండా నీళ్ళు మసలబెట్టి, చల్లార్చి, కుండలో పోస్తాను. తడి కట్టెల పొగకు కళ్ళు మండుతాయి. మరిది కూతురు ఇంకా తన బాటిల్ తెచ్చుకుంటోంది. తండ్రి చెప్పిన మాట వింటోంది. నేను వద్దనను.

పైపు మార్చిన తర్వాత మరిది ఒకసారి వచ్చాడు. నేను వాకిట్లో బియ్యం ఏరుతున్నాను. చెప్పులు విప్పకుండా కాస్త దూరంలో నిలబడ్డాడు.

"మళ్ళ డబ్బా పెట్టి చూసినం వదినె. ఇప్పుడు నీళ్ళు మంచిగున్నయి."

"ఊఁ" అన్నాను.

ఇంకా ఏదో అడుగుతానని కాసేపు అలాగే నిలబడ్డాడు. తేడా ఎంత అని నేను అడగలేదు.